ఇంకా రాని జ్వరం

"టీకా వేశాక పాపకి జ్వరం వస్తే ఏంటండీ మన గతి?" అంది సూర్యావతి, పొయ్యి మీది పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా.

"వస్తే ఒక రోజుండి పోతుంది. నర్సుగారు చెప్పారుగా," అన్నాడు భర్త జగపతిరాజు, రొయ్యల చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చి. "సూదంటే ఇంత పిరికితనమేంటే నీకు?"

అనుకున్న పని చిన్నదే. ఏడాదిన్నర కీర్తిప్రియను ఎత్తుకుని వీధి చివరి అంగన్‌వాడీకి వెళ్లి టీకా వేయించుకురావడం. కానీ సూర్యావతి మనసు అప్పటికే భీమవరంలో ఏదో ఆసుపత్రి మెట్లెక్కుతోంది. ధైర్యం కోసం మేనత్త మాణిక్యాంబకు ఫోన్ చేసింది.

"ఇంకా రాలేదండీ అత్తయ్యగారూ. సాయంత్రానికి రావచ్చంటండి జ్వరం."

మాణిక్యాంబ మర్యాద తెలిసిన మనిషి. జ్వరం వచ్చాక చూడబోతే పరాయివాళ్లు వెళ్లినట్టుంటుందని, రాకముందే బయల్దేరింది. కోడళ్లను, మనవలను, బ్రెడ్డు ప్యాకెట్లను, బత్తాయిలను కారెక్కించింది. దారిలో నలుగురికి ఫోన్లు చేసింది.

గడప దగ్గర కీర్తిప్రియ తాండ్ర చీకుతూ నవ్వింది.

"పిచ్చితల్లి, పైకి తెలియనివ్వట్లేదు," అని మాణిక్యాంబ కళ్లొత్తుకుంది.

వచ్చినవాళ్లకు టిఫిన్ పెట్టకుండా ఇల్లు కదలడం ఆ ఇంట్లో లేదు. టిఫిన్లయ్యేలోగా ఇంకో రెండు కార్లొచ్చాయి. అవి చూసి ఎదురింటి రామలక్ష్మి అద్దె కుర్చీలు తెప్పించేసింది.

"ఫంక్షనేంటండి?" అన్నాడు కుర్చీలు దింపుతున్నతను.

"జ్వరమండి," అంది రామలక్ష్మి. "ఇంకా రాలేదు."

పులిహోర కలుపుతూ సూర్యావతి గడియారం చూసింది. టీకాలు ముగించే వేళ. పొద్దున టీకా వేస్తే ఏమవుతుందోనని భయం, ఇప్పుడు వేయించకపోతే ఏమవుతుందోనని. తట్టు, కోరింతదగ్గు, ధనుర్వాతం కూడా వాకిట్లో తలో కుర్చీ లాక్కుని కూర్చున్నట్టనిపించింది. పసుపు చేతులతోనే పాపను చంకనేసుకుని పరుగెత్తబోతే, గుమ్మంలో నర్సు నూకరత్నం, భుజాన టీకాల పెట్టెతో.

"పాప రాలేదేంటని నేనే వచ్చానండి. ఏంటండీ ఈ జనం?"

"ముందు భోంచెయ్యండి," అని మాణిక్యాంబ విస్తరి వేసింది.

"ముందు టీకా అండి."

కీర్తిప్రియ ఒక్క కేక పెట్టి, చేతిలో తాండ్ర గుర్తొచ్చి మానేసింది.

"ఒళ్లు వెచ్చబడితే కంగారు పడకండమ్మా. ఆ జబ్బుల్ని గుర్తుపట్టడం ఒళ్లు నేర్చుకుంటోందన్నమాట. చెప్పిన సిరప్ వేయండి, చాలు," అంది నూకరత్నం. సూర్యావతి ఆ రోజుకు మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చింది.

"దీనికా ఇంత గోల," అని నవ్వాడు జగపతిరాజు, అందరికీ వినిపించేలా. నర్సు చూపు అతని పాదానికి చుట్టిన గుడ్డ మీద పడింది.

"అదేంటండి?"

"నిన్న చెరువు దగ్గర తుప్పు రేకు గీసుకుందండి. ఏం కాదు."

"టీటీ ఇంజక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారండి?"

జగపతిరాజు కొబ్బరిచెట్ల వైపు చూశాడు. తింటున్న చేతులు ఆగిపోయాయి. మాణిక్యాంబ సరిగ్గా కనపడేలా కుర్చీ తిప్పుకుంది. సూర్యావతి పాపతో సహా వచ్చి పక్కన నిలబడింది. నూకరత్నం పెట్టె మూత మళ్లీ తీసింది.

"ఐదో క్లాసులో సూదులెయ్యడానికి బడికొచ్చారండి," అన్నాడు. "నేను కిటికీలోంచి దూకేశాను."