మేడ మీద పుప్పొడి పంపకాలు

ఆ ఉదయం డ్రాయింగు మాస్టారు అనుకున్నది చిన్న పని. మేడ మీది తేనెటీగల పెట్టె పళ్లెంలో పడ్డ పుప్పొడిని ఎండబెట్టి, అరచెంచా పాలలో కలుపుకుని తాగడం. పెట్టె గుమ్మానికి ఆయన జల్లెడ బిగించారు. ఈగలు అందులోంచి ఇరుక్కుంటూ దూరుతుంటే కాళ్లకంటిన పుప్పొడి ఉండలు ఆవగింజల్లా కిందికి రాలతాయి. రిటైరయ్యాక ఆయన కబుర్లకు లేచిపోకుండా ఉన్నవి ఆ ఈగలే.

"ఏంటి మాస్టారూ, ఇన్ని రంగులున్నాయి?" పక్కింటి నర్సమ్మ పిట్టగోడ మీంచి తొంగిచూసింది.

"ఏదో ఉన్నాయి" అంటే సరిపోయేది. ముప్పై ఏళ్లు రంగులు నేర్పిన నోరు ఊరుకుంటుందా?

"ఒక్కో పువ్వుది ఒక్కో రంగమ్మా. ఈ నారింజవి మీ పొద్దుతిరుగుడువి. మాంసకృత్తులు, విటమిన్లు దండిగా ఉంటాయి. కొత్తవాళ్లు మాత్రం నాలుగు గింజలతో మొదలెట్టాలి. పడకపోతే దద్దుర్లొస్తాయి."

"మావా? అందుకేనా ఈసారి గింజలన్నీ తాలు పోయాయి! మా వాటా మాకు పెట్టండి."

మధ్యాహ్నానికల్లా దానిమ్మ చెట్టున్న దర్జీ, బంతి మొక్కలున్న కండక్టరు గిన్నెలతో దిగారు. మాస్టారు భూతద్దం పెట్టుకుని, రంగుల పళ్లెం గుంటల్లోకి ఉండలు ఏరుతూ కూర్చున్నారు.

"పెళ్లయ్యాక ఒక్కనాడైనా పప్పులో రాయి ఏరారా మీరు?" అంది భార్య.

అంతలో వీధి సంఘం సెక్రటరీ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. "ఈ గోలేంటండీ? రేపటికల్లా పెట్టె దించెయ్యాలి. లేదంటే మనుషుల్ని పెట్టి దింపిస్తా."

మాస్టారు పెట్టెకు అడ్డంగా నిలబడ్డారు. సెక్రటరీ చూపు మాత్రం ఎవరూ అడగని లేత పసుపు కుప్ప మీద పడింది.

"ఇదెవరిది?"

అది ఏ పువ్వుదో మాస్టారికీ అంతుపట్టలేదు. "మీదే సార్. మీ వరండా కుండీలో మొక్కది."

"అదెప్పుడు పూసింది?"

"మీరు ఆఫీసులో ఉన్నప్పుడు."

"అలా చెప్పరేం మరి!" సెక్రటరీ జేబురుమాలు పరిచాడు.

ఆ రోజు నుంచి అతని వాటా అతనికి ముట్టింది. నాలుగు గింజలు చెంచా అయ్యాయి. పెట్టె ఊసే లేదు.

నెల తిరిగాక మాస్టారు మనసాగక, ఆ లేత పసుపు ఏ పువ్వుదో తేల్చుకుందామని ఈగల వెంట నడిచారు. ఆ పసుపు తెచ్చేవి ఏ తోటకీ పోలేదు. వీధి చివర పిండి మరలో దూరి, మొక్కజొన్న పిండిలో పొర్లాడి, మొహాలకు పౌడరు రాసుకున్నట్టు బయటికొస్తున్నాయి.

మాస్టారు చెమటలు కక్కుకుంటూ ఇల్లు చేరేసరికి సెక్రటరీ రెండేసి మెట్లు దిగుతూ ఎదురొచ్చాడు.

"మాస్టారూ, మోకాళ్ల నొప్పి ఎగిరిపోయింది! అంతా మా మొక్క చలవ. ఇకనుంచి రెండు చెంచాలివ్వండి. ఈ పెట్టె మీద ఎవడు చెయ్యేస్తాడో నేనూ చూస్తా!"

నిజం చెబుదామని మాస్టారు నోరు తెరిచారు. వెనక నుంచి భార్య చొక్కా లాగింది. నోరు మూశారు.

వీధిలో అందరూ వాటాలు పట్టుకెళ్లారు గానీ, పిండి మర ఆయన మాత్రం ఇంతవరకూ అడగలేదు.