మూడోసారి అడిగితేనే ప్లగ్గు

మానవ నాగరికత అన్నం మెతుకుతో మొదలై పదహారు ఆంపియర్ల ప్లగ్గుతో పరిపూర్ణమైందని, రాజమండ్రిలోని గౌతమీ కాలనీ అతిథి వాహన విద్యుత్ మర్యాదల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఆ రోజు మీటింగుకి అధ్యక్షులు కామేశంగారు ఒక్కరే వచ్చారు.)

నిబంధనలన్నీ కామేశంగారు స్వయంగా రాసినవే. ఎలక్ట్రిక్ కారులో చుట్టం వస్తే, చెప్పులు విడవకముందే ఛార్జింగ్ పెట్టమని అడగాలి. చుట్టం రెండుసార్లు వద్దనాలి. మూడోసారి ఒప్పుకోవాలి. కారులో ఎంత శాతం ఉందని అడగడం మాత్రం మహాపరాధం; అది విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఎన్ని గారెలు తిన్నావని అడగడంతో సమానం. కారు ప్లగ్గులో ఉండగా చుట్టం లేవకూడదు, చుట్టం కూర్చుని ఉండగా ప్లగ్గు తీయకూడదు. (ఈ రెండింటి మధ్య ఇరుక్కుపోయిన మండపేట ఆయన ఓటు ఇప్పుడు మా కాలనీలోనే ఉంది.) ఆ సమయంలో ఇంట్లో ఏసీ ఆపేసి, రోహిణి కార్తెలో సైతం "మాకు చలిగానే ఉందండి" అనాలి.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థకి ఆ ఆదివారం పొద్దున పరీక్ష వచ్చింది.

ఆ రోజు ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడిలో కామేశంగారి భార్య కనకవల్లి కచేరీ. ఏళ్ళ తరబడి బృందంలో వెనక వరసలో నిలబడి పాడిన మనిషికి, మొదటిసారి ఒంటరిగా పాడే అవకాశం. రాత్రంతా కరెంటు లేకపోవడంతో కామేశంగారి కారు అప్పుడప్పుడే ప్లగ్గులో పడింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, వంట కూడా ముగించి, శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే భీమవరం నుంచి వియ్యంకుడు మణిశంకర్‌గారు, కొత్త ఎలక్ట్రిక్ కారులో, చెప్పాపెట్టకుండా దిగారు.

"రండి రండి బావగారూ! ముందు ఛార్జింగ్ పెట్టేద్దామండి."

"వద్దండి, ఇప్పుడేం అవసరం లేదు."

"భలేవారే! అంత దూరం నుంచొచ్చారు."

"నిజంగా వద్దండి బావగారూ."

"మా ఇంటికొచ్చి ఖాళీగా వెళ్తారా ఏంటండీ?"

ఇది మూడోసారి. మణిశంకర్‌గారు తల వంచారు. కామేశంగారు తన కారు ప్లగ్గు పీకి, ఆయన కారుకి తగిలించారు. కారు వెంటనే పచ్చలైటు వేసింది. చుట్టం కారు లైట్లు చూడకూడదన్నది కూడా తన నిబంధనే కనుక, కామేశంగారు తల తిప్పుకున్నారు.

పెసరట్లయ్యాయి. కాఫీలయ్యాయి. ఇద్దరు వియ్యంకులూ వాన గురించి మాట్లాడుకుని, రొయ్యల రేట్ల గురించి మాట్లాడుకుని, మళ్ళీ వాన దగ్గరికి వచ్చారు. కామేశంగారికి భార్య పాటంటే ప్రాణం, ఆ మాట అబద్ధం కాదు. అయినా అధ్యక్షుడై ఉండి వియ్యంకుణ్ణి కారు తీయమనడం ఎలా?

కనకవల్లి గడియారం చూసింది, మొగుణ్ణి చూసింది, లేచి నిలబడింది.

"అన్నయ్యగారూ, మీ కారులో ఎంత శాతం ఉందండీ?"

కామేశంగారి చేతిలో గ్లాసు ఒలికింది. మణిశంకర్‌గారు నేలచూపులు చూశారు.

"వందండి, చెల్లెమ్మగారూ. మీకు శ్రమెందుకని ఊళ్ళోకి రాకముందే ఆగి నింపించుకున్నాను."

"మరి వద్దని చెప్పలేదేంటండీ?" అన్నారు కామేశంగారు.

"రెండుసార్లు చెప్పాను కదండీ. మూడోసారి కూడా వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటారని..."

కామేశంగారి కళ్ళు చెమర్చాయి. ఇంతటి నిబంధనాబద్ధుడైన అతిథిని ఆయన జీవితంలో చూడలేదు.

"తాళం ఇటివ్వండి అన్నయ్యగారూ," అంది కనకవల్లి. ప్లగ్గు తనే పీకేసి, డ్రైవరు సీట్లో కూర్చుంది. (ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది. కాకపోతే ఇన్నాళ్ళూ పక్కసీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కే బాధ్యత కామేశంగారు తీసుకునేవారు.) "ఇద్దరూ ఎక్కండి. ఇంకా టైముంది."

కామేశంగారు ఒక కాలు లోపల పెట్టారు. అంతలో మర్యాద గుర్తొచ్చింది.

"భోంచేయకుండా బావగారిని గడప దాటించడమా? పనసపొట్టు కూర కూడా చేశావు కదా. నువ్వు పద, మేం తినేసి వెనకాలే వస్తాం."

"ఎందులో?" అంది ఆవిడ. జవాబు కోసం ఆగలేదు. ఎలక్ట్రిక్ కారు కాబట్టి ఆ కోపం చప్పుడు చేయకుండా సందు మలుపు తిరిగింది.

ఆ తర్వాతైనా కామేశంగారు తన కారుకి ప్లగ్గు పెట్టుకోవచ్చు. కానీ చుట్టం కారు బయట తిరుగుతుండగా సొంత కారుకి కరెంటు పెట్టుకోవడం బొత్తిగా బాగుండదని ఆయనకి తోచింది. మణిశంకర్‌గారు పెట్టుకోమని రెండుసార్లు అన్నారు. మూడోసారి అంటారేమోనని కామేశంగారు సాయంత్రం దాకా చూశారు.

పొద్దుగూకాక కనకవల్లి వచ్చింది, మెడలో శాలువాతో.

"ఎలా పాడావే?"

"బాగానే పాడానండి. మీరొస్తారని, నా పాట అయిపోయేదాకా ముందు వరసలో ఒక కుర్చీ అలాగే ఖాళీగా ఉంచారు, పాపం."

కామేశంగారు చలించిపోయారు.

"ఎంతైనా, ద్రాక్షారామం వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళే!" అన్నారు.