కుక్కకు బదులు నాన్న

ఈ దేశంలో పిల్లకి చదవడం రాదని నిరూపించాలంటే, ముందు తండ్రికి చదవడం వచ్చి ఉండాలి. ఈ సూత్రాన్ని నేను మొన్న డిసెంబరులో, అంటే మాకిక్కడ నడివేసవిలో, చొక్కా వీపుకి అతుక్కుపోయే ఎండలో, మా వార్నంబూల్ ఊరి లైబ్రరీ వెనక గదిలో నేర్చుకున్నాను.

మా రోవీకి ఎనిమిదేళ్లు. పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి కథ చెప్పేస్తుంది, అదీ పుస్తకంలో ఉన్నదానికన్నా బాగా. అక్షరాల జోలికి వెళ్లమంటే మాత్రం పిల్లకి కడుపునొప్పి వస్తుంది. జనవరి ఆఖర్న మూడో తరగతి. అక్కడి పుస్తకాల్లో బొమ్మలు ఉండవు.

"ఈ ఆరు వారాల సెలవుల్లో ఏదో ఒకటి చెయ్యకపోతే పిల్ల మునిగిపోతుంది డెస్," అంది మా ఆవిడ కెరిన్. "ఈసారి నువ్వే చూడు. నేను చూస్తే వంకలు పెట్టడానికి తయారుగా ఉంటావు."

చూశాను. వేసవి పఠన సహాయ సమన్వయ మండలి వారి యాప్‌లో నలభై మూడు పథకాలున్నాయి. సర్ఫ్ బోర్డు మీద నిలబడి అక్షరాలు పలికేది ఒకటి. ఇసుకలో వేలితో రాసేది ఇంకొకటి. కుక్కలకు కథలు చదివి వినిపించేది మరొకటి (పిల్లలు ఎవరైనా రావచ్చు, కుక్కలకు మాత్రం ఇంటర్వ్యూ ఉంది). మూడు రోజులు కూర్చుని రంగురంగుల పట్టిక వేసి మరీ పోల్చాను. ఆ మూడు రోజుల్లో పిల్ల పక్కన ఒక్క పుస్తకం తెరుద్దామన్న ఆలోచన మాత్రం నాకు రాలేదని సవినయంగా మనవి. చివరికి కుక్కల్ని ఖాయం చేసి, అడిగిన చోటల్లా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేశాను.

మర్నాడే జవాబొచ్చింది. తిరస్కరణ. కారణం: అభ్యర్థిని అసాధారణ పాఠకురాలు.

రోవీని వెంటబెట్టుకుని లైబ్రరీకి పరుగెత్తాను. అర్హతా నిర్ధారణాధికారిణి గ్లెనిస్ గారి ముందు, బడి నుంచి తెప్పించిన రోవీ డైరీ ఉంది. పిల్ల రోజూ రాత్రి ఇంట్లో చదవాలి, పెద్దవాళ్లు విని ఒక మాట రాసి సంతకం పెట్టాలి. అదీ ఆ డైరీ.

"రెండు వందల రాత్రులు, రెండు వందల సంతకాలు," అందావిడ. "బడి మొత్తం ముందు పతకం కూడా వేశారు. ఇప్పుడొచ్చి చదవడం రాదంటావేం బాబూ?"

"అవి... వారానికి సరిపడా శుక్రవారం ఒకేసారి పెట్టినవండీ."

"అన్నీనా?"

"కార్లో," అంది రోవీ, నాకు సాయం చేద్దామని. "స్టీరింగ్ మీద పెట్టి రాస్తాడు. నేను పెన్ను అందిస్తా."

(మా వీధిలో తండ్రులందరిదీ ఇదే పద్ధతి. ఒకాయన రోజుకో రంగు పెన్ను వాడతాడు. మాలో బాధ్యత గలవాడు ఆయనే.)

గ్లెనిస్ గారు ఏమీ ఆశ్చర్యపోలేదు. తండ్రుల కోసం విడిగా ఉంచిన సొరుగు లాగి, 'గత సంతకాల ఉపసంహరణ పత్రం' తీసింది. హమ్మయ్య అనుకుని అడుగున సంతకం గీకి ఇచ్చేశాను.

"చదివావా?"

"ఆఁ."

"ఏముంది అందులో?"

పైన మండలి వారి ముద్ర ఉంది. దాన్ని చూసి ఏదో ఒకటి చెప్పబోయాను.

"సరే, పిల్లది ఎవరి పోలికో తెలిసింది," అందావిడ. డైరీని రోవీ చేతికిచ్చి, ఆ పత్రంలో నేను ఒప్పుకున్నదేమిటో ఆవిడే చదివి వినిపించింది. కుక్కల దగ్గర ఖాళీల్లేవు కనుక, నలభై నాలుగో పథకం కింద కుక్కకు బదులు తండ్రి నియమితుడయ్యాడు. రోజూ సాయంత్రం అరగంట, పిల్ల కాళ్ల దగ్గర కూర్చోవాలి. ఫోను ఉండరాదు. తప్పులు దిద్దరాదు. నోరు విప్పరాదు. కునుకు తీయవచ్చు, కానీ కుక్క తీసినంతే.

మర్నాటి నుంచి వరండాలో డ్యూటీ ఎక్కాను. మొదటి సాయంత్రం ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. పిల్ల మెడంతా ఎర్రబడింది, అయినా వేలు తియ్యలేదు. రెండో తరగతి మొదలైన కొత్తలో, ఫిబ్రవరిలోనే, ఒక్క రాత్రి ఇలా కూర్చుని ఉంటే ఇదంతా అప్పుడే తెలిసేది. సిగ్గుతో చచ్చిపోయాను. కుక్కని కనుక ఆ మాట చెప్పలేకపోయాను.

"కదలకుండా బాగా కూర్చుంటున్నాడే," అని కెరిన్ కిటికీలోంచి మెచ్చుకుంది. "ఎనిమిదేళ్లు పట్టింది."

బడి తెరిచే ముందు సాయంత్రం రోవీ కథల పుస్తకం తేలేదు, పాత డైరీ తెచ్చింది. అందులో బొమ్మల్లేవు. మొదటి పేజీలో నా రాత కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"రోవీ... ఈ రోజు... చాలా... బాగా... చదివింది."

ఎవరి సాయమూ లేకుండా మా అమ్మాయి పూర్తిగా చదివిన మొదటి పేజీ అది. లేచి గంతులేద్దామనుకున్నాను. తను పేజీ తిప్పింది. అదే మాట. ఇంకోటి తిప్పింది. అదే మాట. ఈసారి తడుముకోకుండా చదివింది. ఇంకా నాలుగు పేజీలు తిప్పి, తలెత్తి నా వైపు చూసింది.

"నాన్నా, రోజూ నువ్వు ఇదా రాసింది?"

నిబంధనల ప్రకారం నేను నోరు విప్పకూడదు. ఆ పథకంలో నేను తు.చ. తప్పకుండా పాటించిన నిబంధన అదొక్కటే.