మర మీద మూడు చేతులు

నేరం యంత్రానిది కాదు, ఆ ఇంట్లోని ముగ్గురిది. లెక్కల మాస్టారు, ఆయన తల్లి, ఆయన తమ్ముడు. అడక్కుండా సాయం చేసే ఈ జాతి ఇంటింటా ఉంది. వీళ్ళని నిలబెట్టి అడిగే దిక్కు లేదు. బస్సు నడిపే మనిషి పొద్దున్నే ఒక్క గుక్క కాఫీ తాగి డ్యూటీకి పోదామనుకుంటే, ఈ ముగ్గురూ కలిసి ఆవిడకి ఏ గతి పట్టించారో వినండి.

ఆవిడ మాస్టారి భార్య, డిపోలో డ్రైవరు. ఏళ్ళ తరబడి కండక్టరుగా నిలబడి నిలబడి సంపాదించుకున్న సీటది. ఈ మధ్య పదేపదే ఆలస్యమవుతోంది. "ఇంకొక్కసారి లేటయితే స్టీరింగు వదిలేసి టైర్ల షెడ్డులో కూచుందువుగాని" అని సూపర్వైజరు మొహం మీదే చెప్పేశాడు. ఆయన కాపురం కూడా వీళ్ళ పై అంతస్తులోనే. తప్పించుకునే దారి లేదు.

బయట కాఫీ కోసం లైన్లో నిలబడే ఆలస్యమవుతోందని తేల్చి, మాస్టారు ఇంటికి ఎస్ప్రెస్సో యంత్రం తెచ్చాడు. దాని కిటుకు బ్రహ్మవిద్యేం కాదు. వెనక డబ్బాలో నీళ్ళు పోస్తాం. లోపల కాగుతాయి. పిడి ఉన్న చిన్న గిన్నెలో పొడి కూరి యంత్రం మూతికి బిగిస్తాం. పంపు ఆ వేణ్ణీళ్ళని బలంగా తోస్తుంది, అవి పొడిలోంచి దూరుకుని కప్పులోకి దిగాలి. పొడి బరకగా ఉందా, నీళ్ళు జారిపోయి కుడితి దిగుతుంది. మరీ మెత్తగా ఉందా, గోడ కట్టినట్టే. కాబట్టి కీలకమంతా యంత్రంతోపాటు తెచ్చిన, గింజలు పొడిచేసే మరలో ఉంది. దాని పక్కన ఒక చక్రం, చక్రం మీద గీతలు. గీత జరిగితే పొడి సన్నబడుతుంది.

మొదటిరోజు కుడితే దిగింది. ఎవరూ బాలేదనలేదు. ఆ ఇంటి రోగం అదే. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని నోరెత్తరు, చాటుగా సర్దుతారు. కూరలో ఉప్పు తక్కువైతే ముగ్గురూ విడివిడిగా వేస్తారు, డ్యూటీ నుంచి వచ్చిన మనిషి చెంబెడు నీళ్ళు తాగి పడుకుంటుంది.

ఆ సాయంత్రం మాస్టారు ఎవరూ చూడకుండా చక్రం కాస్త సన్నానికి తిప్పాడు. ఆయన అటు వెళ్ళగానే తల్లి వచ్చి తిప్పింది. పని నుంచి వచ్చిన తమ్ముడు, అన్నయ్యకి యంత్రాలు చేతకావు పాపం అనుకుని, ఇంకాస్త తిప్పాడు. తెల్లారేసరికి ఆ మర కాఫీపొడి కాదు, మొహానికి రాసుకునే పౌడరు దంచుతోంది.

"ఏవండీ, టైమైపోతోంది" అంది డ్రైవరమ్మ, యూనిఫాం తొడుక్కుని గుమ్మంలో నిలబడి.

"రెండు నిమిషాలోయ్" అని మాస్టారు మీట నొక్కాడు.

యంత్రం మూలిగింది. పీడనం చూపించే ముల్లు కొస దాకా పోయి అక్కడే నిలబడింది. కప్పులో చుక్క లేదు.

"దిగట్లేదేంట్రా?" అంది తల్లి.

"అన్నయ్య సరిగ్గా కూరలేదమ్మా."

"ఆగండ్రా, విప్పి చూస్తా" అని మాస్టారు పిడి పట్టుకున్నాడు.

"ముల్లు పైనే ఉందండీ. వేడిగా ఉన్న రేడియేటరు మూత మేము ఛస్తే తియ్యం. అది దిగేదాకా ఆగండి."

"ఇది బస్సు కాదే."

పిడి తిప్పాడు. దిగాల్సిన కాఫీ అంతా ఒక్కసారిగా వచ్చింది. కప్పు తప్ప అన్నిటిమీదా పడింది. మడ్డి ఎగిరి గోడకీ, అత్తగారి కళ్ళజోడుకీ, అన్నిటికంటే ఎక్కువగా డ్రైవరమ్మ యూనిఫాంకీ అంటుకుంది. ఒళ్ళు కాలలేదు, అంతవరకు అదృష్టం. పంపు ఆపాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళు నేలమీదికి కారుతూనే ఉన్నాయి.

"పైపు పగిలింది" అంటూ తమ్ముడు మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. ఆ యంత్రానికీ పైపుకీ ఏ చుట్టరికమూ లేదు, తాగేది వెనక డబ్బాలో నీళ్ళే. అయినా భవనం మొత్తానికి నీళ్ళొచ్చే వాల్వు బిగించేశాడు. ఊరుకోక ఇంకో పట్టు పట్టాడు. వాల్వు తల ఊడి చేతికొచ్చింది.

"కాసిని నీళ్ళతో తుడిస్తే పోతుందమ్మాయ్" అంది అత్తగారు.

డ్రైవరమ్మ కుళాయి తిప్పింది. గాలి వచ్చింది. "నీళ్ళేవి అత్తయ్యా? ఇంకో జత బకెట్లో నానుతోంది" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపానికి ఓపిక కావాలి.

అంతలో తలుపు బాదుతున్న చప్పుడు. సూపర్వైజరు. నడుముకి తువ్వాలు, తలనిండా సబ్బు నురగ, ఒక కన్ను మూసి ఉంది.

"నీళ్ళెవరు కట్టేసింది?"

"నేనే" అన్నాడు మాస్టారు. "వాడు కాదు బాబూ, నేను" అంది తల్లి. "నేనండీ" అన్నాడు తమ్ముడు, వాల్వు తల చూపిస్తూ.

సూపర్వైజరు తెరిచి ఉన్న ఒక్క కన్నుతో డ్రైవరమ్మ కేసి చూశాడు. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి?"

"బయల్దేరుతున్నా సార్. మీరు రాకుండా నేను పోయి మాత్రం ఏం చెయ్యను? డిపో గేటు తాళం మీ దగ్గరేగా."

ఆయన తడుముకున్నాడు, తువ్వాలుకి జేబు లేదు. మరుక్షణం పైకి పరిగెత్తి చొక్కా తగిలించుకుని తాళంచెవితో వచ్చాడు. ఆవిడ స్కూటరు తీసింది. కాఫీ మడ్డి మరకల డ్రైవరు ముందు, నురగ ఎండి పొలుసులు రాలుతున్న సూపర్వైజరు వెనక.

గేటు బయట డ్రైవర్లంతా నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వు ఆపుకోవడం మాత్రం కనిపించింది. ఆయన తాళం తీసి, చెవిలో సబ్బు తుడుచుకుంటూ అన్నాడు: "ఇవాళ ఎవరూ లేటు కాదు. పదండి."

సీటు నిలిచింది. సాయంత్రం ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి ముగ్గురూ వెలిగిపోతున్నారు.

"చూశావా, మిషను వల్లే నీ సీటు నిలబడింది" అన్నాడు మాస్టారు. "ఒకే చక్రాన్ని ముగ్గురం తిప్పామని తేలింది. ఇకమీదట గొడవ రాకుండా తలా ఒక మర తెచ్చుకున్నాం."

ఇక చాలు. ఆ మరలన్నీ ఈ క్షణమే అటకెక్కాలి. సాయం చేసే ముందు మనిషిని నోరు తెరిచి అడగాలి, చెప్పింది చెవిన పెట్టాలి. ఇవన్నీ జరిగేలోగా, మీలో ఎవరో ఒకరు ఆవిడకి బయటినుంచి ఒక కాఫీ తెచ్చిపెట్టండి.