చెంచా మీద పేరు

చేపలు పట్టడం మొదలుపెట్టిన కొత్తలో మా కాలనీలో నన్ను గాలం మహిపాల్ అనేవాళ్లు. మూడేళ్లు తిరిగేసరికి ఖాళీ సంచి మహిపాల్ అనడం మొదలుపెట్టారు. ఆ రెండో పేరు పెట్టింది మా ఆవిడ నీలవేణే అని నాకు గట్టి అనుమానం. ఆమెను అడిగే ధైర్యం మాత్రం లేదు.

నాచారంలో ఒక చిన్న ప్రెస్ షెడ్డులో నా ఉద్యోగం. రేకులు కోయడం, వంచడం, రంధ్రాలు వేయడం నా పని. ఆదివారం వచ్చిందంటే గాలం రాడ్డు భుజాన వేసుకుని కీసర అవతల మా అత్తగారి ఊరి చెరువుకు పోతాను. పొద్దంతా గట్టు మీద కూర్చుని, సాయంత్రానికి నల్లబడిన ముఖంతో తిరిగొస్తాను. ఆ చెరువు మీద హక్కున్న మత్స్యకారుల సంఘం వాళ్లు కూడా నన్ను ఏమీ అనరు. నా వల్ల చెరువులో చేపలు తగ్గవని వాళ్లకు బాగా తెలుసు.

పోయిన ఏడాది మృగశిర కార్తె నాడు, అదే మా వాళ్ల మాటలో మిర్గం నాడు, అసలు గొడవ మొదలైంది. మిర్గం అంటే మా ఇళ్లల్లో చేపల పులుసు ఉడకాల్సిందే. మా బామ్మర్ది ధర్మేందర్ బజారు చేప ముక్క నములుతూ, బావ పట్టిన చేప తినాలంటే నేను మళ్లీ పుట్టాలేమో అన్నాడు. నాకు రోషం వచ్చింది. వచ్చే మిర్గానికి నా చేత్తో పట్టిన చేపే ఈ ఇంట్లో ఉడుకుతుందని అందరి ముందూ చెప్పేశాను.

నీలవేణి ఆ మాటను కింద పడనివ్వలేదు.

"తెస్తే మంచిదే. తేకుంటే ఆ రాడ్డు పాత సామాన్లోనికి ఇచ్చేస్త. ఇగ నీ ఆదివారాలన్ని నాయే."

ఆమె చేతిలో ఆదివారం అంటే ఏమిటో పెళ్లైనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు తుడవడం, పరదాలు ఉతకడం, ఆమె వైపు చుట్టాల ఇంట్లో ప్రతి ఫంక్షన్‌కూ ముందే పోయి చివరన రావడం. నా బతుకులో నాకంటూ మిగిలింది ఆ ఒక్క రోజే. అది పోతే నేను సోమవారం కోసం ఎదురుచూసే మనిషిని అయిపోతాను.

ఏడాదంతా ఫోన్లో వీడియోలు చూశాను. నీళ్లలో చేపపిల్లలా మెరిసి పెద్ద చేపను మోసం చేసే రేకును లూర్ అంటారు. అందులో స్పూన్ అనే రకం దెబ్బతిన్న చేపలా అటూ ఇటూ ఊగుతుంది. స్పిన్నర్ అనే రకం గిర్రున తిరుగుతూ తళతళలాడుతుంది. ఊగేదానికి కొన్ని చేపలు, తిరిగేదానికి కొన్ని చేపలు లొంగుతాయట. రెండూ ఒకదాంట్లో పెడితే చెరువు మొత్తం లొంగాలి కదా అని నా షెడ్డు బుర్రకు తోచింది. హైబ్రిడ్ అన్నమాట.

షెడ్డులో రేకుకు కొదవ లేదు గానీ, చెంచాకుండే కడుపు రేకుకు రాదు. వంటింట్లో వెతికాను. అన్నీ ఊదితే వంగే చెంచాలే. కారం డబ్బాలో మాత్రం ఒక పాత స్టీలు చెంచా దొరికింది. బరువుగా, లోతుగా, చూడగానే నీళ్లలోకి దూకేలా ఉంది. మా పెళ్లికి మా అత్తమ్మ సక్కుబాయి ఇచ్చిన సామాన్లలోది. అందులో ప్రతి గిన్నె మీదా, ప్రతి గంటె మీదా చుక్కచుక్కగా ఆమె పేరు కొట్టించి ఉంటుంది. వాళ్ల ఊళ్లో పెళ్లిళ్లకు సామాన్లు ఇల్లిల్లూ తిరుగుతాయి. చివరికి పేరు చూసి ఎవరివి వాళ్లింటికి చేరుస్తారు.

ఇన్ని చెంచాల్లో ఒకటి పోతే ఎవరు చూస్తారులే అనుకున్నాను. షెడ్డుకు తీసుకుపోయి కాడ కోసేశాను. కడుపు భాగం ఊగే స్పూన్ అయింది. కాడను పలచగా కొట్టి ఆకులా వంచితే తిరిగే స్పిన్నర్ అయింది. దారం మెలిపడకుండా బీరువా తాళాల గుత్తిలోని తిరిగే కొక్కెం ఊడబీకి పెట్టాను. అత్తమ్మ పేరు సరిగ్గా ఆకు నడుమకు వచ్చింది. గ్రైండర్ పెడితే పోయేదే. కానీ ఆ చుక్కలు వెలుతురులో చేప పొలుసుల్లా మెరుస్తుంటే చెరపబుద్ధి కాలేదు. చివరన మూడు ముళ్ల గాలం తగిలించాను. మూడు ముళ్లు పడ్డాక తప్పించుకున్న మగాణ్ని నేనింతవరకు చూడలేదు, చేప ఎలా తప్పించుకుంటుంది?

ఇక పరీక్ష. మొదట బాత్రూమ్‌లో బకెట్టులో వేశాను. లాగేంత జాగా లేక అది బకెట్టు గోడలకే కొట్టుకుంది. బయటి నుంచి నీలవేణి తలుపు తట్టింది.

"స్నానం జేస్తే నీళ్ల సప్పుడు రావాలె. గీ టక్కుటక్కు ఏంది?"

"సబ్బు కింద పడ్డది."

"ఇన్నిసార్లా?"

సబ్బు అరిగిపోయేదాకా పడుతూనే ఉందని చెప్పి బయటపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ మిద్దె ఎక్కి, నీళ్ల ట్యాంకు మూత తీసి అవతలి అంచుకు విసిరి మెల్లగా లాగాను. ఏం చెప్పమంటారు! కడుపు ఊగుతోంది, ఆకు తిరుగుతోంది, నీళ్లలో మా అత్తమ్మ పేరు గిర్రున తిరుగుతూ నా వైపే వస్తోంది. పెళ్లైన ఇన్నేళ్లలో అత్తమ్మ వస్తుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఆ సంతోషంలో ఇంకోసారి విసిరాను. గాలం పోయి నీళ్లాపే బంతి వాల్వుకు తగులుకుంది. నేను చేపే పడ్డట్టు లాగాను. దారం ట్యాంకు అంచుకు గరగరా రాసుకుంటూ వచ్చింది, దాంతో పాటు బంతి కూడా ఊడి చేతికొచ్చింది. అప్పుడే కింద మా అసోసియేషన్ పెద్దమనిషి బుచ్చిరాములు మోటరు వేశాడు. మోటరు స్విచ్ ఇంకెవరినీ ముట్టనివ్వడు కాబట్టి మేమంతా ఆయన్ని మోటర్ బుచ్చిరాములు అంటాం. ట్యాంకు నిండి, పొంగి, మా ఎదురింటి అరుణకుమారి మిద్దె మీద ఆరబెట్టుకున్న వడియాలను మెట్ల మీదుగా కిందికి తీసుకుపోయింది.

బుచ్చిరాములు, ఆయన వెనకే అరుణకుమారి పరుగున వచ్చి చూసేసరికి నేను నిలువునా తడిసి, లూర్ జేబులో దాచి, చేతిలో బంతితో నిలబడి ఉన్నాను. వాల్వు పాడైందని అనుమానం వచ్చి చూడ్డానికి వచ్చానన్నాను. ఆయన నమ్మడమే కాకుండా, ఇక నుంచి ట్యాంకు బాధ్యత మహిపాల్‌దే అని అక్కడికక్కడే తీర్మానం చేశాడు.

అసలు మంట ఆ సాయంత్రం లేచింది. ఆ చెంచా ఉత్త చెంచా కాదట. వాళ్లమ్మ చేపల పులుసుకు అదే కొలత. మూడు చెంచాల కారం అంటే ఆ చెంచాతోనే మూడు. మిర్గం ముందర అది కనిపించకపోయేసరికి నీలవేణి ఇల్లంతా తిరగేసింది. పోయిన వారం అరుణకుమారి కారం చేబదులు తీసుకుపోయిన సంగతి అప్పుడే గుర్తొచ్చింది. చెంచా మీ ఇంట్లో ఉందా అని అడిగింది. వడియాలు పోయిన కోపంలో ఉన్న అరుణకుమారి, నేను దొంగనా అని అడిగింది. రోజూ కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగే రెండు తలుపులూ ఆ పూట దబ్బున మూసుకున్నాయి.

నేను టీవీ ముందు కూర్చుని అంతా విన్నాను. నిజంగానే సిగ్గేసింది. కానీ నోరు తెరిస్తే లూర్ పోతుంది, లూర్ పోతే ఆదివారాలు పోతాయి. అందుకని టీవీ సౌండు కొంచెం పెంచాను.

మిర్గం నాడు తెల్లవారేసరికి చెరువు గట్టున ఉన్నాను. అవతలి ఒడ్డున సంఘం వాళ్లు వలలు లాగుతున్నారు. నీళ్లలో పెరిగిన తూటాకుల పక్కకు విసిరి లాగుతూ పోయాను. ఉన్నట్టుండి రాడ్డు వంగింది. మూడేళ్లుగా నేను కలలు కన్న బరువు నా చేతుల్లోకి వచ్చింది. కొర్రమట్ట. నీళ్ల మీదికి ఎగిరి ఒక్కసారి కనిపించింది కూడా. సంతోషంతో నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సరిగ్గా అప్పుడే దారం, ట్యాంకు అంచుకు రాసుకున్న చోట, పుటుక్కున తెగింది. చేప పోయింది, లూర్ పోయింది, అత్తమ్మ పేరూ నీళ్లలో కలిసింది.

ఖాళీ సంచితో ఇంటికొచ్చాను. నీలవేణి సంచి వైపు చూసింది. తిట్టినా బాగుండేది. కాళ్లు కడుక్కో అని మాత్రం అని, నా చేతిలోని రాడ్డు తీసుకుపోయి పాత పేపర్ల పక్కన నిలబెట్టింది.

భోజనాల వేళకు అత్తమ్మ, ధర్మేందర్ వచ్చారు. అత్తమ్మ చేతిలో బరువైన సంచి ఉంది. ఆమె ముఖం అయోమయంగా ఉంది.

"ఏందో బిడ్డా, సంఘపోళ్లు ఇంటికొచ్చి ఇచ్చిపోయిన్రు. వలల పడ్డదట. నీ పేరున్న చాప మేమెట్ల తింటమవ్వా అన్నరు."

సంచిలోంచి తీసి తాంబాళంలో పెట్టింది. పొద్దున నాకు కనిపించిన కొర్రమట్టే. దాని దవడకు నా లూర్ వేలాడుతోంది. ఆకు మీద సక్కుబాయి అని చుక్కచుక్కగా మెరుస్తోంది. ముల్లు పీకితే ఎవరి చేపో తెలియదని వాళ్లు అట్లాగే తెచ్చారట. వాళ్ల ఊళ్లో పేరున్న సామాను దారి తప్పదని చెప్పాను కదా.

నీలవేణి ఆ ఆకును తిప్పి చూసి, కడుపు భాగాన్ని చూసి, నన్ను చూసింది. నాకు రెండే దారులు. నోరు మూసుకుంటే రాడ్డు పాత సామాన్లోకి పోతుంది. తెరిస్తే చెంచా బయటికొస్తుంది. మూడేళ్ల ఆశ ముందు భయం ఎంతసేపు నిలుస్తుంది?

"గా చాపను పట్టింది నేనే," అన్నాను.

"అంటే చెంచను పట్టింది గూడ నువ్వే," అంది నీలవేణి. వెంటనే తలుపు తీసి ఎదురింటి వైపు తిరిగి పిలిచింది. "అక్కా, జర రా. దొంగ దొరికిండు."

అరుణకుమారి వచ్చి చేపను చూసింది, గాలాన్ని చూసింది, ట్యాంకు బంతితో తడిసి నిలబడ్డ నన్ను గుర్తు తెచ్చుకుంది. వడియాల లెక్క కూడా అక్కడికక్కడే తేలిపోయింది. ఇద్దరూ కలిసి నన్ను కడిగిన తీరు చూస్తే వాళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదంటే ఎవరూ నమ్మరు. నేను అందరికీ చేతులు జోడించాను.

అయినా నా వాదన నాకుంది. ఎట్లాగైతేనేం చేప ఇంటికి చేరింది, పట్టింది నా లూరే, కాబట్టి పందెం నాదే అన్నాను. నీలవేణి నాతో వాదించలేదు. వాళ్లమ్మను ఒక్క మాట అడిగింది.

"అమ్మా, మన గిన్నె ఎవరింట్ల దొర్కినా ఎవరిది?"

"పేరెవరిదుంటే వాళ్లది. గిది గూడ అడుగుతరా?"

"మరి చాప?"

అందరం ఆకు వైపు చూశాం. ధర్మేందర్ నా భుజం మీద చెయ్యేసి, "బావా, అమ్మ మస్తు చాప పట్టింది," అన్నాడు. ఫోటో తీసి అప్పుడే స్టేటస్‌లో పెట్టేశాడు.

నీలవేణి పటకారుతో గాలం ఊడదీసి, చెంచా కడుపును చింతపండుతో తోమి, వేళ్లతో పట్టుకుని మూడు కొలతల కారం వేసింది. కాడ పోయినా కొలత పోలేదు. పులుసు ఎప్పటిలాగే నషాళానికంటింది. అరుణకుమారి మిగిలిన వడియాలు వేయించుకొచ్చి మాతోనే తింది. అంత మంచి చేపను నేను జన్మలో తినలేదు. ఆ మాటంటే అత్తమ్మను పొగిడినట్టవుతుందని పైకి అనలేదు.

చేతులు కడుక్కున్నాక అత్తమ్మ పాత పేపర్ల పక్కనున్న రాడ్డు అందుకుని, దారం చుట్టే రీలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది ఎట్ల ఇసురుతరు అల్లుడా?" అంది.

నీలవేణి ముఖంలో వెలుగు అప్పుడే వచ్చింది. ఓడిపోయినవాడి ఆదివారాలు ఆమెవే కదా, అవన్నీ వాళ్లమ్మకు రాసిచ్చేసింది. వారం తిరిగేలోపు ఉప్పల్ గిన్నెల దుకాణానికి పోయి రెండు లోతైన చెంచాలు కొనుక్కొచ్చింది, ఒకటి కారం డబ్బాకు, ఒకటి నా షెడ్డుకు. పనిలో పనిగా నా రీలు మీద పేరు కూడా కొట్టించింది. నా పేరు కాదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అత్తమ్మ గట్టు మీద ముక్కాలి పీట వేసుకుని విసురుతుంది, నేను వెనక గొడుగు పట్టుకుని నిలబడతాను. ఆమె చేతికి చేప పడని వారం లేదు. మా కాలనీలో కూడా నన్నెవరూ ఖాళీ సంచి మహిపాల్ అనడం లేదు. సంచి మోసే మహిపాల్ అంటున్నారు.