మాటవరసకి పిలిచిన భోజనం

ఆ ఆదివారం పొద్దున్న మొహమాటం అనే కుర్రాడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బట్టలు ఉతకాలి, ఒక్కడికి సరిపడా అన్నం వండుకోవాలి, ఆనక మంచమెక్కి సాయంత్రం దాకా క్రియాపదాలు బట్టీ పట్టాలి. అతనికి గది ఇచ్చిన ఇంటావిడ పక్కూళ్లో చెల్లెలి దగ్గరికని అప్పుడే సంచీ తీసుకుని బస్టాపుకి బయల్దేరింది. చీకటి పడితేగాని రాదు. ఈ దేశం వచ్చాక ఇల్లంతా తనదే అనిపించిన మొదటి రోజు అది. లుంగీ కట్టుకుని, కూనిరాగం తీస్తూ బట్టలు నానబెట్టాడు.

అతని అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. చిన్నప్పట్నించీ ఇంట్లో అందరూ పిలిచేది మొహమాటం అనే. ఎవరికీ కాదని చెప్పలేడు, ఎవరినీ పలకరించకుండా దాటిపోలేడు. ఆ గుణంతోనే పరాయి దేశానికి భాష నేర్చుకోవడానికి వచ్చాడు, ఆ గుణంతోనే వచ్చీరాగానే కోర్సువాళ్లు బసకి చూపించిన రెండిళ్లు పోగొట్టుకున్నాడు. మొదటి ఇంట్లో మారు వడ్డిస్తుంటే వద్దనలేక తినీ తినీ మంచాన పడ్డాడు. తమ వంటని అవమానించాడని వాళ్లు నొచ్చుకున్నారు. రెండో ఇంటివాళ్లు ఊరెళ్తూ ఏదో అడిగితే, అర్థం కాకపోయినా బాగుండదని తలూపాడు. వాళ్లు అడిగింది కుక్కని చూసుకోమని. తిరిగొచ్చేసరికి ఆ కుక్క పక్కింటివాళ్లదైపోయింది.

"ఇది మూడో ఇల్లు. ఇక్కణ్ణించి కూడా ఫిర్యాదు వచ్చిందంటే చదువు ఆపేసి విమానం ఎక్కడమే" అని కోర్సు చూసుకునే మేడమ్ నవ్వకుండా చెప్పింది. ఈ ఇంటావిడ షరతులు రెండే. బయటివాళ్లెవరూ గుమ్మం తొక్కకూడదు. అద్దాల బీరువాలోని పింగాణీ పళ్లేల మీద చెయ్యి పడకూడదు.

అన్నం ఉడుకు పట్టేవేళకి వీధి గంట మోగింది. తలుపు తీస్తే సందు చివర రొట్టెల దుకాణం ఆయన, ఇస్త్రీ కోటులో, పక్కన భార్యతో నిలబడి ఉన్నాడు. చేతిలో చేయంత పొడుగు రొట్టె.

"ముందొచ్చేశామా? భోజనం మధ్యాహ్నమనే కదా అన్నావు?"

మొహమాటానికి అప్పుడు గుర్తొచ్చింది. తరగతిలో పంతులమ్మ రోజూ బయటివాళ్లతో మాట్లాడి రమ్మంటుంది. మొన్న రొట్టె కొనుక్కుని ఊరికే వచ్చేస్తే ఏం బావుంటుందని, "ఒకసారి మా ఇంటికి భోజనానికి రండి" అన్నాడు. మన దగ్గర ఆ మాటకి "అయ్యో, తప్పకుండా" అని ఎవరి దారిన వాళ్లు పోతారు. పిలిచినవాడు మరిచిపోతాడు, పిలిపించుకున్నవాడు సంతోషిస్తాడు, పొయ్యిలో పిల్లి లేవక్కర్లేదు. ఈయన మాత్రం వెంటనే "ఎప్పుడు?" అన్నాడు. పరాయి భాషలో అడిగిన ప్రశ్న అంత స్పష్టంగా అర్థమైన ఆనందంలో మొహమాటం, పాఠంలో ఉన్నట్టే "ఆదివారం మధ్యాహ్నం" అనేశాడు.

ఇంకెవరితో అన్నానా అని గుర్తు చేసుకునేలోగా గంట మళ్లీ మోగింది. పూలకుండీతో బస్సు డ్రైవరు. ఆయన వెనకాలే తన తల్లి చెయ్యి పట్టుకుని లైబ్రరీ ఆవిడ. మొహమాటం వాళ్లని కూర్చోబెట్టి, వంటింట్లోకి దూరి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక గ్లాసు బియ్యం ఎంతమందికి వస్తుందే?"

"నువ్వైతే ఒక్కడివే తినేస్తావు. ఏం, ఎవరొచ్చారు?"

"అందరూ వచ్చారక్కా. మాటవరసకి రమ్మన్నాను."

"మాటవరసకి రమ్మంటే వచ్చేశారా? ఎక్కడి మనుషులురా వాళ్లు! సర్లే, కంగారుపడకు. ఇంకో రెండు గ్లాసులు పడెయ్. బంగాళాదుంపలుంటే వేయించు. ముందు ఆ లుంగీ మార్చు, ఎలాగూ అందులోనే ఉండుంటావు."

పంట్లాం తొడుక్కుని వచ్చేసరికి ముందుగదిలో రొట్టెలాయన గోడలన్నీ కలియజూస్తున్నాడు. "మొత్తానికి మీ ఇంటావిడ మనసు మారిందన్నమాట. వాళ్లాయన పోయాక ఈ ఇంట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. రొట్టె మాడిందని నాతో గొడవపడి, అప్పట్నించీ పై వీధి దాకా వెళ్లి కొనుక్కుంటోంది. ఇప్పుడు నోరు విప్పి పిలవలేక నీచేత పిలిపించి తను తప్పించుకుంది, అంతేనా?"

అదేం కాదని చెప్పాలి. చెప్పడానికి మాటలూ వచ్చు. కానీ ఆయన కళ్లల్లో సంతోషం చూసి కాదనడం ఎలా? మొహమాటం నవ్వాడు. ఆ నవ్వుతో కొంప మునిగింది. రొట్టెలాయన భార్య కళ్లొత్తుకుంటూ పక్కింటికి పరుగెత్తి, "ఆవిడ అందర్నీ పిలుస్తోందట!" అని చెప్పేసింది. పక్కింటి దంపతులు సూపు గిన్నెతో సహా దిగారు. ఇంత పెద్ద విందుకి మామూలు పళ్లేలేమిటని లైబ్రరీ ఆవిడ అద్దాల బీరువా తెరిచి, పింగాణీ పళ్లేలన్నీ బల్ల మీద పరిచింది. "వద్దు" అన్న మాట మొదటి పాఠంలోనే ఉంది. అది అతని గొంతు దాటి రాలేదు.

ఒకటే ధైర్యం, ఇంటావిడ ఊళ్లో లేదు. వీళ్లు వెళ్లగానే పళ్లేలు కడిగి సర్దేస్తే సరి. ఆ ధీమాతో బస్సు డ్రైవర్ని మర్యాదకి పలకరించాడు. "ఈ రోజు బస్సు లేదా?"

"నీ భోజనం కోసమే సెలవు పెట్టాను. నా బదులు రావాల్సినవాడికి జ్వరమట. పక్కూరికి ఇవాళ బస్సే లేదు."

మాటలన్నీ విడివిడిగా అర్థమయ్యాయి. వాటిని కలిపి చూసుకునేలోపే వీధి తలుపులో తాళంచెవి తిరిగింది.

ఇంటావిడ గుమ్మంలో నిలబడిపోయింది. ఎండలో నిలబడి నిలబడి ముఖం కందిపోయి ఉంది. ఆమె చూపు రొట్టెలాయన మీద నుంచి డ్రైవరు మీదికి, అక్కణ్ణించి పింగాణీ పళ్లేల మీదికి వెళ్లి ఆగింది.

"ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"అదేమిటి, నువ్వే కదా పిలిపించావు?" అన్నాడు రొట్టెలాయన.

అందరూ మొహమాటం వైపు చూశారు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నోరు మూసుకుంటే ఆవిడకి అన్యాయం, తెరిస్తే ఇంతమంది చిన్నబుచ్చుకుంటారు. జీవితంలో మొదటిసారి తెరిచాడు.

"తప్పు నాది. ఈవిడ ఎవర్నీ పిలవలేదు. మా దగ్గర ఎవరైనా నచ్చితే భోజనానికి రమ్మంటాం. వాళ్లు రారు. అది మర్యాద. మీరు నాకు నచ్చారు, అందుకని రమ్మన్నాను. మీరు వచ్చేశారు. రేపు పొద్దున్నే పెట్టె సర్దుకుని వెళ్లిపోతాను. ముందు మీరు తినండి, అన్నం చల్లారిపోతోంది."

పరాయి భాషలో అన్ని వాక్యాలు ఆగకుండా మాట్లాడడం అదే మొదలు. ఆ సంగతి అతను గమనించనే లేదు. రొట్టెలాయన ముఖం మాడ్చుకుని కోటు అందుకున్నాడు.

"కూర్చో" అంది ఇంటావిడ. "నేను పిలిస్తే మాత్రం వచ్చేవాడివా?"

"పిలిచి చూడాల్సింది."

"ఆ రొట్టె ఇటివ్వు." ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని తాపీగా నమిలింది. "మళ్లీ మాడ్చావు" అంది, ఇంకో ముక్క తుంచుకుంటూ.

రొట్టెలాయన భార్య ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. కుర్చీలు చాలక ఇంటావిడ, మొహమాటం ఒకే పెట్టె మీద కూర్చుని తిన్నారు. పళ్లేలు కడిగాక ఆవిడ అతన్ని ఏమీ అనకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తిట్టినా బావుండేది అనుకున్నాడు.

మర్నాడు తరగతి మధ్యలో మేడమ్ పిలిపించింది. "మీ ఇంటావిడ ఫోన్ చేసింది. ఫిర్యాదు."

మొహమాటం గోడకి ఆనుకున్నాడు. "ఏమని?"

"కుర్చీలు చాలలేదట. ఇలాంటి కుర్రాణ్ణి పంపేటప్పుడు కుర్చీలు కూడా పంపొద్దా అని నన్ను తిట్టింది. వచ్చే ఆదివారానికి కావాలట. వెళ్లేటప్పుడు ఆ మూలవి రెండు పట్టుకెళ్లు."

అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మేడమ్ ఎదురుగా లేకపోతే అక్కడే ఎగిరి గంతేసేవాడు. సాయంత్రం రెండు కుర్చీలూ భుజానికెత్తుకుని, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. దారిలో మాత్రం ఎవరినీ పలకరించలేదు.