థర్మోకోల్ కానన సంగ్రామం

మార్తాండుడు కిటికీ ఊచల నడుమనుండి చొరబడి నల్లబల్లపై బంగారు చారలు గీయుచున్న ఆ శుభవేళ, నాలుగవ తరగతి గది యను మహారణ్య మధ్యమున, సుద్దధూళి ధూసరిత హస్తయై, కొంగు నడుమున దోపి, కోలాహల నివారణ ధురంధర యగు సైన్సు టీచరమ్మ నిలిచియుండెను. ఆమె యెదుట, రెండు బల్లలు కలిపిన చోట, పిల్లలతో కలిసి నిర్మించిన జాతీయ ఉద్యానవనము విరాజిల్లుచుండెను. పులి థర్మోకోల్, జింక థర్మోకోల్, కొండ థర్మోకోల్, చెట్లు సైతము థర్మోకోలే. పచ్చరంగు మిగిలిపోవుటచే ఏనుగునకు కూడ అదియే పూసిరి. 'పర్యావరణాన్ని కాపాడుదాం' అను అక్షరములును ఆ పదార్థముననే కోసి అతికించిరి.

ఆ పూట అటవీశాఖాధికారి వచ్చుచుండెను. గదిలో చెత్త కనబడనిచో పిల్లలను నిజమైన అడవికి బస్సులో పంపుదునని ఆయన మాట యిచ్చియుండెను. నిరుడు బస్సు దొరకలేదు, అంతకుముందు అనుమతి దొరకలేదు. "వచ్చే ఏడు తప్పకుండా" అని చెప్పి చెప్పి టీచరమ్మ నోరు అరిగిపోయెను. జింకను బొమ్మలో తప్ప చూడని ఆ మొహములను చూచినపుడెల్ల ఆమెకు నిజముగా సిగ్గు వేసెడిది.

అతిథికి ఉక్కపోయరాదని తానే ఫ్యాను వేసెను. మంచికి పోతే చెడు ఎదురైనట్లు, థర్మోకోల్ కోయునపుడు రాలి బల్లల క్రింద పొంచియున్న తెల్లపూసల అక్షౌహిణులు ఒక్కుమ్మడి లేచి, తలలపై, పలకలపై, పులి మూతిపై, దిక్కులు పిక్కటిల్లునట్లు నిశ్శబ్దముగా విరుచుకుపడెను.

"ఓరీ శ్వేతకణాధములారా! నేడు నా సమ్మార్జని మీ పాలిటి కాలదండము! మీ పీచమడచి చెత్తబుట్ట చెరసాలకు పంపనినాడు, నేను సుద్దముక్క పట్టినదాననే కాను!" అని ఆమె హృదయాంతరాళమున గర్జించెను. పైకి మాత్రము, "ఫ్యాన్ ఆపండ్రా, మీకు పుణ్యముంటుంది" అనెను.

కంచే చేను మేసినట్లు, ఊడ్చవలసిన చీపురే పూసలకు వాహనమాయెను. దులిపిన చేతికి అంటెను, చేతినుండి చీరకు పాకెను. తుదకామె నల్లబల్ల తుడుచు గుడ్డను తడిపి అద్దగా, శత్రువులు గుంపులుగుంపులుగా బందీలైరి. పిల్లలందరును మోకాళ్లపై దిగిరి.

"చెత్త ఎవరిదైనా, ఎక్కడున్నా, చూస్తూ ఊరుకోకూడదు" అని టీచరమ్మ ఏరుచునే పాఠము చెప్పెను.

"టీచర్, ఇవి మట్టిలో కలుస్తాయా?" అని అడిగెను, నోటి చురుకువలన మిరపగింజ యని పేరుపడిన ముందువరుస చిన్నది.

"కలవవమ్మా."

"మరి అడవిని వీటితో ఎందుకు చేశాం?"

"ముందు ఏరు తల్లీ. తర్వాత మాట్లాడుకుందాం."

అంతలో ద్వారప్రమాణ దేహుడు, గండుమీసాల ప్రచండుడు అగు అధికారి ప్రవేశించెను. నేల అద్దమువలె నున్నది. ఆయన తృప్తిగా తలపంకించి, "శుభ్రంగా ఉందమ్మా. బస్సుకి సంతకం పెట్టేస్తా" అని కలము తీసెను. ఆ క్షణముననే ఫ్యాను రెక్కపై దాగిన కడపటి పూస మెల్లగా దిగి, ఆయన కుడిమీసముపై కొలువుదీరెను.

మిరపగింజ చేయి లేచెను. వద్దని టీచరమ్మ కన్నులతో వేడుకొనెను.

"సార్, మీ మీసం మీద చెత్త ఉంది."

ఆయన మీసము తడిమి, పూసను చిటికెతో నేలకు విసరెను.

"సార్, చెత్త కింద వేయకూడదు" అని తరగతి తరగతంతయు ఏకకంఠమున పలికెను.

కలము ఆగెను. క్షమించుమని రెండు ముక్కలు చెప్పినచో బస్సు దక్కును. ఆ మాట నాలుక చివరకు వచ్చినది కూడ. కాని పిల్లలందరు ఆమె మొగమే చూచుచుండిరి.

"అవును సార్. తీయండి" అనెను టీచరమ్మ.

మోకాళ్లు పటపటమన అధికారి వంగెను. పూస జారెను, దొర్లెను, బల్లకాలి చాటున నక్కెను. ఆయన చొక్కా మాసిపోవునట్లు బల్లక్రింద దూరి, దానిని పట్టి, ఆమె చాచిన తడిగుడ్డకు అద్దెను.

"అడవిలో కూడా నన్నిలాగే వంచుతారా ఏంటి?" అనెను రొప్పుచు.

"మీరు పడేస్తే వంచుతాం సార్" అనెను మిరపగింజ.

ఆయన నవ్వాపుకొనుచు సంతకము పెట్టెను.

ఇట్లు ఆవగింజంత పూస యొకటి, ఒక మహాసైన్య పరాక్రమమునకు తలవంచి, చెత్తబుట్ట చేరెను. జయజయధ్వానములతో గది మారుమ్రోగెను. పచ్చ ఏనుగును, మిగిలిన అడవిని ఎక్కడ పారవేయవలెనో మాత్రము నేటికిని ఎవరికిని తోచలేదు.